సంజయుని వారసులు

మహాభారతంలో సంజయుడనగానే మనకు యుద్ధ వృత్తాంతాన్ని అంధరాజుకు వినిపించినవాడే స్ఫురిస్తాడు. కాని అతడు ఆ పని చేయడానికి పూర్వం మరొక పని చేశాడు. ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుని పక్షాన పాండవుల వద్దకు రాయబారిగా వెళ్ళినవాడు అతడే. రాజు పంపిన సందేశంలో రాజ్యభాగం ఇస్తామన్న మాట లేదు. శాంతిగా ఉండండన్న హితవు మాత్రమే ఉంది. ఆ లోటు ధర్మరాజుకు తెలుసు, సంజయునికీ తెలుసు. అయినా అతడు తన ప్రభువు మాటను చెప్పవలసినట్లే చెప్పి వచ్చాడు. తిరిగి వచ్చిన రాత్రి మాత్రం రాజు ఎదుట నిలిచి, తప్పు నీదేనని నిష్ఠురంగా పలికి, తక్కినది రేపు నిండుసభలో విన్నవిస్తానని వెళ్ళిపోయాడు. ఆ మాటతో ధృతరాష్ట్రునికి నిద్ర పట్టలేదు. విదురుణ్ణి పిలిపించుకొన్నది ఆ రాత్రే.

యుద్ధ సమయంలో అతని పని మారింది. వ్యాసుని వరంతో రణరంగాన్ని చూసి ఉన్నదున్నట్లు చెప్పడం అతని విధి అయింది. ఇక్కడ విద్యార్థులు ఒక విశేషాన్ని గమనించాలి. సంజయుడు కథను మొదటి రోజు నుండి వరుసగా చెప్పడు. పదవనాటి యుద్ధం ముగియగానే వచ్చి, ముందుగా భీష్ముడు కూలాడన్న వార్తను చెబుతాడు. ఆపైన రాజు అడుగగా మొదటి నుండి వివరిస్తాడు. ముఖ్యమైనది ముందు, వివరాలు తరువాత! నేడు ప్రతి పత్రికా కార్యాలయంలోను కొత్తగా చేరిన విలేఖరికి నేర్పే మొదటి పాఠం ఇదే.

ఒక పక్షం మాటను లోకానికి అందించే పని ఒకటి, లోకంలో జరిగినదాన్ని నిష్పక్షపాతంగా చెప్పే పని మరొకటి. మొదటిదానిని నేడు మీడియా సంబంధాలు అంటున్నాము, రెండవది పత్రికారచన. ఈ రెండింటికీ తోడుగా గత పాతిక సంవత్సరాలలో ఆన్‌లైన్ మార్కెటింగ్ అనే మూడవ వృత్తి వచ్చి చేరింది. పూర్వం ఒక్కొక్కరు ఒక్కొక్క వృత్తిలో జీవితం గడిపేవారు. ఇప్పుడు ఒకే వ్యక్తి ఒకే జీవితంలో ఈ మూడింటినీ దాటి వెళ్ళడం సాధారణమైంది. అలా దాటుతున్నప్పుడు అతని వెంట వచ్చేవి ఏవి, గడప ఇవతల వదలిపెట్టి రావలసినవి ఏవి అన్నదే ఈ పాఠంలో మనం ఆలోచించవలసిన విషయం.

రుద్రూర్ ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకొందాం. మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువల కింద చెరకు, వరి విస్తారంగా పండిన నేల ఇది. వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఆహార సాంకేతిక కళాశాల ఉన్న ఊరు. పక్కనే బోధన్. ప్రాచీన అశ్మక జనపదానికి రాజధానిగా చెప్పే పోదనం అదే. 1937లో అక్కడి శక్కర్ నగర్‌లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియా ఖండంలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరు పొందింది. ఇటువంటి చోట పనిచేసే గ్రామీణ విలేఖరికి వార్తలు వెదకనక్కరలేదు. కాలువకు నీరు వదిలిన తేదీ ఒక వార్త. చెరకు ధర ఒక వార్త. బాకీల చెల్లింపు ఎంత ఆలస్యమైతే అంత పెద్ద వార్త.

2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. ఆ రోజు వార్త రాయవలసిన విలేఖరి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు సమాధానం వెదకాలి. మొదటి నాలుగింటికి సమాధానం గేటుకు అంటించిన కాగితంలో దొరుకుతుంది. 'ఎందుకు' అన్న ప్రశ్న దగ్గర మాత్రం యాజమాన్యం ఒకటి చెబుతుంది, కార్మికుడు మరొకటి చెబుతాడు, చెరకు రైతు ఇంకొకటి చెబుతాడు. 2002లో కర్మాగారంలో అధిక వాటా ప్రైవేటు భాగస్వామికి అప్పగించిన నాటి సంగతులూ అందులోకి వస్తాయి. ముగ్గురి మాటలూ విని, కాగితాలు చూసి, ఎవరి మాటను వారి పేరుతోనే రాయడం పత్రికారచన. తనకు నచ్చిన ఒక్కరి మాటనే నిజమని రాస్తే అది రాయబారమవుతుంది. రాయబారం తప్పు కాదు. కాని రాయబారి తనను విలేఖరినని చెప్పుకోరాదు.

విలేఖరి జీవనస్థితిని గూర్చి కూడ ఒక మాట చెప్పాలి. దినపత్రికలకు జిల్లా అనుబంధాలు వచ్చిన తరువాత మండలానికొక విలేఖరి ఏర్పడ్డాడు. పల్లె వార్తకు అచ్చులో చోటు దొరకడం తెలుగు పత్రికారంగం సాధించిన గొప్ప విజయం. అయితే ఆ విలేఖరులలో చాలామందికి నెలజీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి, దాని పొడవును బట్టి ఇచ్చే పైకానికి వారి వాడుకలో 'లైన్ అకౌంట్' అని పేరు. దానితో ఇల్లు గడవదు. పైగా పండుగలకు, నాయకుల జన్మదినాలకు ప్రకటనలు తెచ్చే భారం కూడ అతనిపైనే పడుతుంది. ఉదయం ఎవరిని ప్రశ్నించాలో సాయంత్రం వారినే ప్రకటన అడగాలి. ఈ వృత్తిలోని అసలు చిక్కు ఇది. దీనిని దాచి, పత్రికారచన మహోన్నతమని మాత్రమే విద్యార్థులకు బోధించడం నా దృష్టిలో న్యాయం కాదు.

ఈ చిక్కు ముదిరితే ఏమవుతుందో 2009 ఎన్నికలలో దేశం చూసింది. అభ్యర్థుల వద్ద డబ్బు పుచ్చుకొని వారి ప్రచారాన్ని వార్తల రూపంలో ప్రచురించారన్న ఆరోపణలు ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర మొదలైన రాష్ట్రాలలో వచ్చాయి. భారత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, మరొకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. వారి నివేదిక 2010లో సిద్ధమైంది. డబ్బిచ్చి వేయించుకొన్న వార్తకు 'పెయిడ్ న్యూస్' అన్న పేరు సామాన్యులకు కూడ తెలిసింది అప్పుడే. ప్రకటనను ప్రకటన అని చెప్పి వేస్తే పాఠకుడు తన జాగ్రత్తలో తానుంటాడు. వార్త వేషం వేసి వస్తే అతడు మోసపోతాడు. అక్కడ అమ్ముడుపోయింది పత్రికలోని జాగా కాదు, పాఠకుని నమ్మకం.

వార్త, వాణిజ్యం ఒకే చేతిలో ఉంటే ఎప్పుడూ ఇంతేనా? కాదనడానికి మన చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదట వ్యాపారి. 1893లో బొంబాయిలో అమృతాంజనం అనే తలనొప్పి మందును తయారుచేసి, సంగీత సభలలో శ్రోతలకు ఉచితంగా పంచి ప్రచారం చేశాడు. ఉచిత నమూనా ఇచ్చి వినియోగదారుణ్ణి సంపాదించే ఆ ఉపాయాన్ని నేటి ఆన్‌లైన్ సంస్థలు తామే కనిపెట్టినట్లు చెప్పుకొంటాయి! ఆ వ్యాపార లాభంతో ఆయన 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించాడు. 1914లో అది మద్రాసు నుండి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక, ఆ తరువాత ఆంధ్ర గ్రంథమాల వెలువడ్డాయి. మందు అమ్మిన డబ్బు పత్రికను పోషించింది. పత్రికకున్న పరువు మందుకూ అండగా నిలిచిందనడంలో సందేహం లేదు. అయితే మందు డబ్బా మీద మందు సంగతి, పత్రికలో లోకం సంగతి ఉండేవి. రెండింటి మధ్య గోడ కట్టుకొన్నది యజమానియే. గోడ విలువ తెలిసిన యజమాని దొరకడం అదృష్టం. ఆ అదృష్టం పైననే వృత్తి అంతా ఆధారపడి ఉండడం ప్రమాదం.

పంతులుగారు 1938లో కీర్తిశేషులయ్యారు. దేశోద్ధారకుడన్న ఆయన బిరుదు పేర అదే సంవత్సరం సికింద్రాబాదులో ఒక యువకుడు దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించాడు. ఆ యువకుడే వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ ప్రాంతంలో పుట్టి, చిన్ననాడే తండ్రిని కోల్పోయి, ఇతరుల ఇళ్ళలో వంటచేసి, హోటలులో పనిచేసి చదువుకొన్నవాడు. తాను ప్రచురించిన పుస్తకాలను తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. వాటిని పాఠకుని గడప ముందుకు చేర్చడమే ఆయన ఎరిగిన మార్కెటింగ్. రచయిత, ప్రచురణకర్త, పత్రికా నిర్వాహకుడు, ఉద్యమకారుడు అన్నీ ఆయనే. నిజాం కాలంలో నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్యతో కలిసి నిర్బంధంలో ఉన్నాడు. జైలు గోడల మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాసిన కథ ఈ జిల్లాలో తెలియనివారుండరు. ఆ గోడల నడుమ ఉన్న రెండవ ఖైదీని మాత్రం మనం అంతగా తలచుకోము. నవలగా ఆయన రచించిన 'ప్రజల మనిషి' నేటికీ చదువదగినది.

హైదరాబాదు రాజ్యంలో పత్రికారచన ప్రాణాంతకం కూడ అయింది. సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న ప్రారంభించిన గోలకొండ పత్రిక నిర్బంధాల నడుమ నిలిచింది. నిజాం రాష్ట్రంలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించింది. ఆక్షేపణకు కోపంతో కాక వివరాలతో బదులివ్వడం ఎలాగో ఆ సంచికను చూసి నేర్చుకోవాలి. ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్య చేశారు. సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు ఆయన చేతిని నరికివేశారు.

ఇక రెండవ వృత్తి మీడియా సంబంధాలు. ప్రభుత్వంలో దీనికి సమాచార పౌరసంబంధాల శాఖ ఉంది. ప్రతి జిల్లాలోను ఒక పౌరసంబంధాల అధికారి ఉంటాడు. ప్రైవేటు సంస్థలలో దీనిని పి.ఆర్. అంటారు. పత్రికా ప్రకటన రాయడం, విలేఖరుల సమావేశం ఏర్పాటుచేయడం, తప్పు వార్త వచ్చినప్పుడు ఖండన పంపడం, విలేఖరి అడిగిన లెక్కను గడువులోగా అందించడం ఈ ఉద్యోగంలోని నిత్యకృత్యాలు. విలేఖరిగా పనిచేసినవారికి ఈ ఉద్యోగం సులువుగా దొరకడానికి కారణం ఉంది. ఏది వార్త అవుతుందో, ఏ వేళకు చేరితే మరునాటి పేజీలోకి ఎక్కుతుందో వారికి తెలుసు.

ఈ వృత్తికి ఆద్యులలో ఒకడైన అమెరికా దేశస్థుడు ఐవీ లీ కూడ మొదట న్యూయార్క్ పత్రికలలో విలేఖరియే. 1906లో అట్లాంటిక్ సిటీ వద్ద ఘోరమైన రైలు ప్రమాదం జరిగినప్పుడు, రైల్వే కంపెనీ పక్షాన వివరాలను తానే రాసి పత్రికలకిచ్చాడు. దానిని తొలి పత్రికా ప్రకటనగా పేర్కొంటారు. దాచితే పుకారు పుడుతుంది, చెబితే నమ్మకం పుడుతుందన్నది అతని సిద్ధాంతం. అయితే ఆ సిద్ధాంతకర్తయే 1914లో కొలరాడోలోని లడ్లో వద్ద గని కార్మికుల కుటుంబాలు దాడిలో మరణించిన తరువాత, గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల పక్షాన ప్రకటనలు వెలువరించాడు. వాటిలో తప్పుడు లెక్కలున్నాయని బయటపడి అపకీర్తి పాలయ్యాడు. విద్య ఒక్కటే, చేతులూ అవే. వాటిని ఏ పనికి వినియోగించాడన్నదే తేడా.

మీడియా సంబంధాలు ధనవంతులకే సాధ్యమనుకోరాదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గం నుండి 185 మంది అభ్యర్థులు పోటీచేశారు. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. గెలవడం వారి ఉద్దేశం కాదు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు అనే రెండు కోరికలు దేశం చెవిన పడడమే వారి ఉద్దేశం. అన్ని పేర్లకు చోటు కల్పించడానికి ఒక్కొక్క పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను అమర్చవలసి వచ్చింది. ఢిల్లీ పత్రికలు ఆర్మూరు, బాల్కొండ దారి పట్టాయి. పి.ఆర్. సంస్థ ఏదీ లేకుండానే జాతీయ వార్తగా మారిన ఆ సంఘటనను ఈ విషయం బోధించే ప్రతి తరగతిలోను చెప్పుకోవాలి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది.

పసుపు ప్రస్తావన మూడవ వృత్తికి కూడ దారి చూపుతుంది. 2016 ఏప్రిల్ 14న దేశంలోని 21 మార్కెట్లతో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్ పథకంలో నిజామాబాదు మార్కెట్ యార్డు ఒకటి. రైతు తెచ్చిన సరుకుకు గేటు వద్ద ఒక లాట్ నంబరు ఇస్తారు. వ్యాపారులు దానిని పరీక్షించుకొని, కంప్యూటరు మీదనో సెల్‌ఫోను మీదనో తమ ధరను నమోదుచేస్తారు. ఒకరు వేసిన ధర మరొకరికి తెలియదు. గడువు ముగియగానే ఎక్కువ ధర ఎవరిదో ప్రకటిస్తారు. ఆ ధర నచ్చకపోతే రైతు నిరాకరించవచ్చు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని బేరమాడిన పాతకాలపు పద్ధతితో పోల్చి చూస్తే ఇందులోని మార్పు తెలుస్తుంది.

సెర్చ్ ఇంజిన్‌లో ప్రకటన కూడ ఇటువంటి వేలమే. కాకపోతే తిరగబడ్డ వేలం. యార్డులో కొనేవారు సరుకు కోసం పోటీపడతారు. ఇక్కడ అమ్మేవారు చూసేవాని కంటి కోసం పోటీపడతారు. 'పసుపు పొడి' అని ఎవరైనా వెదికిన క్షణంలోనే ఏ ప్రకటన పైన కనిపించాలో నిర్ణయమవుతుంది. ఎంత ధర పలికారన్నదానితో పాటు ఆ ప్రకటన వెదికినవానికి ఎంతవరకు పనికివస్తుందన్నది కూడ లెక్కలోకి వస్తుంది. సాధారణంగా చూసినందుకు కాక, దానిని నొక్కినందుకే రుసుము. కనుక శీర్షిక రాయడం తెలిసినవాడికి ఇక్కడ గిరాకీ ఉంది. పది పదాలలో విషయం చెప్పగలిగే పాత విలేఖరి ఈ రంగంలో త్వరగా రాణించడం సహజం.

అతడు జారిపడేది కూడ ఇక్కడే. మన ప్రాచీన కావ్యాలు, పురాణాల చివర ఫలశ్రుతి ఉంటుంది. ఈ కథ విన్నవారికి సకల రోగాలు నశించి సంపదలు కలుగుతాయని కవి చెబుతాడు. అది భక్తుని ఆశీర్వచనమని శ్రోతకు తెలుసు. ఫలం రాలేదని ఏ శ్రోతా కవిని నిలదీయలేదు. పసుపు పొట్లం మీద ఫలశ్రుతి రాస్తే మాత్రం ఊరుకోరు. క్యాన్సరు, మధుమేహం వంటి వ్యాధులను నయం చేస్తుందని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధ, అద్భుత చికిత్సల చట్టం నిషేధిస్తున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. వస్తువును పొగడినందుకు ప్రతిఫలం పుచ్చుకొన్నవారు ఆ సంగతి బయటపెట్టాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చాయి. 2009లో పత్రికలను పట్టిన పెయిడ్ న్యూస్ జబ్బుకూ దీనికీ మందు ఒక్కటే. డబ్బు చేతులు మారిందన్న సంగతి చదివేవానికి తెలియాలి.

ఈ మూడు మెట్లూ ఎక్కిన శిష్యుడొకడు నాకున్నాడు. రుద్రూర్ పక్క పల్లెటూరివాడు. డిగ్రీ చదువుతూనే విలేఖరి అయ్యాడు. పెళ్ళయ్యాక లైన్ అకౌంట్‌తో సంసారం సాగక హైదరాబాదులో ఒక సంస్థలో పి.ఆర్. ఉద్యోగంలో చేరాడు. రైతులకు బాకీలేమీ లేవని సంస్థ పక్షాన ఒకనాడు ప్రకటన రాసి పంపాడు. ఆ సాయంత్రం పాత మిత్రుడైన విలేఖరి ఫోన్ చేసి, "అన్నా, నిజంగా బాకీ లేదా? నువ్వు చెబితే రాస్తా" అన్నాడట. ఏ సమాధానమూ ఇవ్వలేక ఫోన్ పెట్టేశానని నాతో చెప్పినప్పుడు అతని గొంతు వణికింది. కొద్ది నెలలకే ఆ ఉద్యోగం మానుకొన్నాడు. మానుకోవడం అందరికీ సాధ్యం కాదు. నెల వాయిదాలు, పిల్లల ఫీజులు ఉన్నవాడిని నేను తప్పుపట్టను. ఇప్పుడు కొందరు రైతుల పసుపును పొడి చేయించి ఆన్‌లైన్‌లో అమ్మిపెడుతున్నాడు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చి, "సార్, ఇందులో భాష సరిగా ఉందా చూడండి" అని ఒక కాగితం ఇచ్చాడు. సరుకు గురించి ఇంటర్‌నెట్‌లో పెట్టబోయే నాలుగు వాక్యాలవి. భాషలో దోషమేమీ లేదు. మూడవ వాక్యంలో 'మోకాళ్ళ నొప్పులను హరిస్తుంది' అని ఉంది.

"ఇది నువ్వు చూశావా, విన్నావా?" అని అడిగాను.

"మా అమ్మ అంటది సార్."

"అయితే మీ అమ్మ అన్నదని రాయి."

అతడు నవ్వి, కలం తీసుకొని ఆ వాక్యం కొట్టివేశాడు. దాని స్థానంలో పంట తవ్విన నెల, ఊరి పేరు, ప్రయోగశాలలో తేలిన కర్క్యుమిన్ శాతం రాశాడు. మేఘాలయలోని లకడాంగ్ పసుపుతో పోలిస్తే ఆ శాతం తక్కువే. ఆ సంగతి కూడ రాయాలా అని కొంతసేపు ఆలోచించి, దానిని కింద చిన్న అక్షరాలతో చేర్చాడు. నేను చూస్తూండగానే మళ్ళీ కొట్టివేసి, తక్కిన అక్షరాలంత పెద్దగా రాశాడు.